ఇంజనుకు పెట్టిన పారాణి

డిప్లొమా పూర్తయి ఆరు నెలలైనా నాకు ఉద్యోగం రాలేదు. మెకానికల్ బ్రాంచి, ఫస్టు క్లాసు. నాకున్న ఆస్తి ఒక వెర్నియర్ కాలిపర్, ఒక నోటు పుస్తకం. ఏ విషయమైనా ఆ పుస్తకంలో ఒకటి, రెండు, మూడు అని అంకెలు వేసి రాసుకుంటేగాని నాకు ఆలోచన సాగేది కాదు. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో సంగతి ఇది. అప్పుడు ఉద్దానంలో మా మేనమామ ఇంట్లో ఉండేవాణ్ణి.

మావకు ఒక పాత డీజిల్ జీపు ఉండేది. వయసులో నాకంటే పెద్దది. వజ్రపుకొత్తూరు వైపు ఊళ్ళ నుంచి జనాన్ని, వాళ్ళ జీడిపిక్కల బస్తాలను పలాస చేర్చేవాడు. ఆ వేసవిలో జీపు నీళ్ళు తాగడం మొదలుపెట్టింది. పొద్దున రేడియేటరు నిండా పోస్తే పలాస పక్కనున్న కాశీబుగ్గ చేరేసరికి బానెట్టు కింద నుంచి ఆవిరి కక్కేది. చల్లారాక మూత తీస్తే మూడు చెంబులు తక్కువ. బండి కింద నేల మాత్రం పొడిగా ఉండేది.

పలాసలో మావ ఎప్పుడూ చూపించే మెకానిక్కు ఒక పూటలో తేల్చేశాడు. "బ్లాకు పగిలిపోనాది బావా. లోపల్లోపలే తాగేత్తంది. ఇంక తుక్కే ఇది." టెక్కలిలో పాత బళ్ళు కొని, విప్పి, విడిభాగాలుగా అమ్మే ఆసామీకి కబురు వెళ్ళింది. ఆదివారం వచ్చి తీసుకుపోతానన్నాడు. జీపు పోతే మావ ఇంకొకరి బండికి డ్రైవరుగా చేరాలి. ఇరవై ఏళ్ళు సొంత స్టీరింగు పట్టిన మనిషి బుధవారం మధ్యాహ్నం కంచం ముందు కూర్చుని, అన్నం ముట్టకుండానే చేయి కడిగేసుకున్నాడు.

"ఆదివారం దాకా నాకియ్యి మావా," అన్నాను.

"నీకిచ్చీసి ఏటి సేత్తావు అల్లుడూ? దానికి పాఠం సెప్తావేటి?"

అత్త నా పక్షం వచ్చింది. "ఎలాగూ ఇప్పడానికే గదా పోతంది. ఆడిప్పితే ఏటి, ఈడిప్పితే ఏటి?"

గురువారం పొద్దున నోటు పుస్తకంలో కొత్త పేజీ తీశాను. ఇంజను నుంచి నీళ్ళు పోయే దారులు రాస్తే తొమ్మిది తేలాయి. మొదట లోపలి దారులు చూశాను. ఆయిలు పుల్ల తీసి వేలికి రాసుకుంటే నల్లగా, శుభ్రంగా ఉంది. నీళ్ళు కలిసి ఉంటే పాలు పోసిన టీ రంగులో ఉండాలి. రేడియేటరు మూత తీసి ఇంజను నడిపాను. బుడగలు లేవు. సైలెన్సరు నుంచి తెల్ల పొగ లేదు. బ్లాకు, అంటే ఇంజను దిమ్మ, లోపల పగిలి ఉంటే ఈ మూడింటిలో ఒక్కటైనా కనిపించాలి. పుస్తకంలో నాలుగు అంకెలు కొట్టేశాను. మిగిలిన అయిదూ బయటి దారులు. రబ్బరు పైపులు, నీళ్ళ పంపు, రేడియేటరు జాలీ, అన్నిటినీ గుడ్డతో తుడిచి, తడుముతూ సాయంత్రం దాకా చూశాను. అన్నీ పొడి.

నీళ్ళు బయటికే పోతున్నాయి, కాని నేలకు చేరకముందే ఆవిరైపోతున్నాయి. అంటే కారేది ఎక్కడో బాగా వేడిగా ఉండే చోట, బండి నడిచేటప్పుడు మాత్రమే. అంతవరకు లెక్క కుదిరింది. నడిచే బండి బానెట్టులోకి తల దూర్చి చూసేదెలాగో తెలియలేదు.

శుక్రవారం చేయడానికి ఇంకేమీ తోచక, ముందు లోపల కడుగుదామనుకున్నాను. మా నీళ్ళకు సున్నపు పొర కడుతుంది. బట్టల సోడా కలిపిన నీళ్ళు రేడియేటరులో పోసి, ఇంజను కాసేపు నడిపి, కింద కుళాయి విప్పాను. ఎర్రటి నీళ్ళు వచ్చాయి.

మావ అరుగు మీంచి ఒక్క గెంతు గెంతాడు. "ఓరి నాయనో! రగతం కక్కుతంది. ఏటి పోసీసినావురా?"

"తుప్పు మావా, తుప్పు."

అత్త చేట పక్కన పెట్టి వచ్చి వంగి చూసింది. "తుప్పేటి? పారాణి నాగ లేదూ?"

ఆ మాటతో నాకు అనుమానం వచ్చింది. ఒక గాజుగ్లాసులో ఆ నీళ్ళు పట్టి గట్టు మీద పెట్టాను. తుప్పయితే అడుగుకు దిగి పైన నీరు తేరాలి. అడుగున కొంచెం మడ్డి చేరింది గాని పైన నీళ్ళు ఎర్రగానే ఉన్నాయి. నిమ్మకాయ కోసి పిండాను. ఎరుపు విరిగిపోయి పసుపు రంగు తిరిగింది.

"మావా, రేడియేటర్లో పసుపేసినావా?"

మావ ఎటో చూశాడు. "లీకు మూసుకుంటాదని లారీవోలు సెప్పినారు. పావు కేజీ ఏసినాను. అంతే."

"ఇంకేటేసినావు?"

"ఓపాలి దారిలో నీల్లు లేక కొబ్బరిబొండాలు కొట్టి పోసీసినాను. అయినా అది ఎండాకాలం గదా."

"ఆరు బొండాలు," అంది అత్త. "ఇంట్లో ఎవులికీ ఒక్కటి మిగల్సలేదు. జీపుకి వడదెబ్బంట!"

నేను నవ్వలేదు. అప్పటికే పుస్తకం తీసి రాస్తున్నాను. పారాణి అంటే పసుపులో సున్నం కలపడమే. సున్నం చేసే పని సోడా కూడా చేస్తుంది. లోపల పసుపు ఉండి, నేను సోడా పోశాను గనక నీళ్ళు ఎర్రబడ్డాయి. మరి సోడా లోపల ఉంచి, పసుపు బయట పూస్తే?

లోపల పసుపు పూర్తిగా పోయేదాకా నాలుగుసార్లు కడిగాం. కొత్తగా సోడా నీళ్ళు నింపాం. అత్త గిన్నెడు పసుపు చిక్కగా కలిపి ఇచ్చింది. పైపుల అతుకులు, పంపు చుట్టూ, హెడ్డు అంచులు, ఇంజను దిమ్మకు రెండు పక్కలా కుంచెతో పూశాను. ఆరాక బానెట్టు ఎత్తి చూస్తే పెళ్ళికి సిద్ధం చేసినట్టుంది.

"మెడలో ఓ దండ కూడా ఎయ్యిరా," అంది అత్త.

మావ స్టీరింగు పట్టాడు. అక్కుపల్లి దాకా ఇసుక దారిలో తక్కువ గేరులో లాగించి, ఎండ తగ్గకముందే వెనక్కి వచ్చాం. పొగలు కక్కుతున్న బానెట్టు లేపాను. పైపులు పసుపు. పంపు పసుపు. హెడ్డు అంచు పొడుగునా పసుపు. కుడి పక్క పొగగొట్టం ఇంజనులో కలిసే ఇనుప దిమ్మ కింద, కుంచె దూర్చి పూశానే గాని కంటికి ఆనని సందు ఒకటి ఉంది. అత్త బొట్టు పెట్టుకునే చిన్న అద్దం అడిగి తెచ్చి, ఆ సందులోకి వంచి పట్టాను.

అద్దంలో వేలెడు పొడుగున ఎర్రటి గీత కనిపించింది.

"దొరికింది!" అని అరిచాను. మావ తల నా తలకు తగిలింది, అద్దం చేతిలోంచి జారబోయింది.

ఇంజను పోతపోసినప్పుడు పక్కల్లో మిగిలే గుండ్రటి కంతలను రేకు బిళ్ళలతో మూస్తారు. వాటిలో ఒకటి తుప్పుపట్టి, అంచున సూదిబెజ్జమంత తొలిచింది. చల్లగా ఉన్నప్పుడు బిగుసుకుంటుంది. వేడెక్కి లోపల ఒత్తిడి పెరిగితే చిమ్ముతుంది. చిమ్మిన నీళ్ళు కాలే ఇనుము మీద పడి అక్కడికక్కడే ఆవిరి. నా తొమ్మిది దారుల పట్టికలో ఈ బిళ్ళ అసలు లేనే లేదు. పదో అంకె వేసి రాశాను.

శనివారం ఆ పొగగొట్టపు దిమ్మ విప్పి, బిళ్ళ ఊడబెరికి, కంతను కాలిపర్‌తో మూడుసార్లు కొలిచాను. పలాసలో లేతు మిషను దగ్గర ఇత్తడి బిళ్ళ తిప్పించాం. అంచుకు షెల్లాక్ జిగురు పూసి, సుత్తితో సమంగా కొట్టి దింపాను. పక్కనున్న రెండు బిళ్ళలు కూడా పలచబడి ఉంటే అవీ మార్చాను. కాచి చల్లార్చిన నీళ్ళే పోయాలన్నాను.

"బాలింతరాలికి పెట్టినట్టు పెడతన్నాడు పథ్యం," అంది అత్త, బిందె దించుతూ.

ఆదివారం టెక్కలి ఆసామీ బస్సు దిగి వచ్చాడు. మావ అతనికి టీ ఇప్పించి, జీపు చూపించి, "అమ్మను," అన్నాడు.

"బ్లాకు పగిలిందన్నారు గదా?"

"పగల్లేదు. మా అల్లుడు సూసినాడు. మిమ్మల్ని టెక్కలిలో దింపుతాం, ఎక్కండి. దారిలో ఆగిపోతే అక్కడే ఒట్టినే ఒగ్గీసి వచ్చీత్తాను, తీసుకోండి."

ఆ పందెం విని నేను రేడియేటరు మూత మళ్ళీ తీసి, నీళ్ళు ఎక్కడిదాకా ఉన్నాయో చూసుకున్నాను. ఊళ్ళో దొరికిన ఎనిమిది మందిని, నాలుగు బస్తాలను ఎక్కించాడు మావ. హైవే మీద మిట్టమధ్యాహ్నపు ఎండ. ఆసామీ ముందు సీట్లో కూర్చుని దారి పొడుగునా బానెట్టు వైపే చూస్తున్నాడు, నేను ఉష్ణోగ్రత ముల్లు వైపు చూస్తున్నాను. ముల్లు సగం దాకా వచ్చి నిలబడింది. టెక్కలి దాకా కదల్లేదు.

స్టాండులో ఆపి, చల్లారేదాకా ఆగి, మూత నేనే తీశాను. నీళ్ళు మూతి అంచున ఉన్నాయి. పొద్దున ఎక్కడ వదిలానో అక్కడే.

ఆసామీ వంగి చూసి, వేలు ముంచి, ఆ వేలు పంచెకు తుడుచుకున్నాడు. "బాగుంది గురూ," అన్నాడు నాతో. "మా ఇంట్లో ఓ వేను పడుంది. అదీ తాగుతంది నీల్లు. రేపొచ్చి సూత్తావేటి?"

నేను జవాబు చెప్పేలోపే మావ బానెట్టు మూసేశాడు. ఒక కాలు ఫుట్‌బోర్డు మీద పెట్టి, స్టాండంతా వినిపించేలా గొంతెత్తాడు: "పలాస, పలాస, పలాస! ఎక్కండి, ఎక్కండి, దారిలో ఆగదు!"