తాళం వేసిన క్వార్టర్, పైపు చప్పుడు

ఎవరైనా నా ముందు దెయ్యాల కబుర్లు మొదలుపెడితే, ముందు చెయ్యి చాపమని బీపీ చూస్తాను. నర్సుగా ఇన్నేళ్లలో చాలా చావులు చూశాను. పోయినవాళ్లెవరూ తిరిగొచ్చి నన్ను పలకరించలేదు. ఇప్పటికీ నాకు దెయ్యాల మీద నమ్మకం లేదు. అయినా ఇది రాస్తున్నాను. ఎందుకంటే ఆ రోజు విన్నది నేనొక్కదాన్నే కాదు.

మత్తు అలవాటును నేరంగా కాకుండా జబ్బుగా చూసి వైద్యం చేయాలని రాష్ట్రమంతటా పని మొదలైనప్పుడు, గోదావరిఖనిలో మాకూ ఒక చిన్న కేంద్రం ఇచ్చారు. నొప్పి ఇంజెక్షన్లు మరిగిన గని కార్మికులు, నిద్ర ఆపుకోవడానికి గోలీలు మింగే లారీ డ్రైవర్లు మా దగ్గరికి వస్తారు. మందుకు రానివాళ్ల ఇంటికి మేమే వెళ్తాం. మత్తు ఎక్కువై ఊపిరి ఆగిపోతున్న మనిషిని వెనక్కి లాగే ఇంజెక్షన్ ఎప్పుడూ మా సంచిలో ఉంటుంది.

ఈ పని మీద నాకు గట్టి నమ్మకం. మా సలీమే సాక్ష్యం. ఒకప్పుడు బొగ్గు లారీ నడుపుతూ గోలీలకు బానిసైన మనిషి, ఇప్పుడు మా కేంద్రంలోనే ఉద్యోగి.

రమేశ్ భూగర్భ గనిలో కాంట్రాక్టు కార్మికుడు. నడుముకు దెబ్బ తగిలాక ఇంజెక్షన్లకు అలవాటుపడ్డాడు. ఆ యావను అణచడానికి మేమిచ్చే మాత్ర నాలుక కింద పెట్టుకుంటూ బాగా కుదుటపడ్డాడు. రోజూ పొద్దున్నే వచ్చేవాడు కాస్తా ఉన్నట్టుండి మానేశాడు. ఫోన్ చేస్తే ఎత్తలేదు.

ఒక మధ్యాహ్నం నేనూ సలీమూ అతని క్వార్టర్‌కు వెళ్లాం. తలుపుకు బయట తాళం ఉంది. పక్కింటి అవ్వ అరుగు మీద బియ్యం చెరుగుతూ, "ఆలుమగలు పెద్దపల్లి పోయినట్టున్నరు బిడ్డా" అంది. పేరు పెట్టి పిలిచి చూశాం. పలుకు లేదు.

"రేపొద్దాం పా అక్కా" అన్నాడు సలీం. నేను కూడా స్కూటీ తిప్పేశాను.

అప్పుడు వినపడింది. బయటి గోడ వెంట పైకి వెళ్లే ఇనుప నీళ్ల పైపు మీద ఎవరో కొడుతున్నారు, మనిషి మాత్రం కనపడలేదు. కొట్టి ఆగుతున్నారు. మళ్లీ కొట్టి ఆగుతున్నారు.

ఆ పద్ధతి నాకు తెలుసు. మా నాన్న గనిలోనే పనిచేశారు. పైకప్పు కూలి లోపల చిక్కుకుంటే అరవకూడదని, అరిస్తే ఉన్న ఓపిక కాస్తా పోతుందని చెప్పేవారు. చేతికి దొరికినదానితో పైపు మీద కొట్టాలి. ఆగి, అవతలి నుంచి జవాబు వస్తుందేమో వినాలి.

నేను స్కూటీ ఆపి దిగాను. అవ్వ చేట కింద పెట్టి, "ఎవలది ఆ సప్పుడు?" అని లేచి నిలబడింది.

"లోపల మనిషున్నడు అక్కా" అంటూ సలీం రాయి అందుకున్నాడు.

తాళం పగలగొట్టి చూస్తే రమేశ్ మంచం మీద పడి ఉన్నాడు. పక్కన సిరంజి. పెదవులు నీలంగా మారాయి, ఊపిరి ఎప్పుడో ఒకసారి ఆడుతోంది. సంచిలోని ఇంజెక్షన్ ఇచ్చి ఊపిరి అందించాను. అంత భయం నేనెప్పుడూ ఎరగను. చేతులు మాత్రం వాటి పని అవి చేశాయి. కాసేపటికి రమేశ్ దగ్గాడు. ఆ దగ్గు వినగానే నాకు ఏడుపొచ్చింది.

అంబులెన్స్ వచ్చేలోగా నేను ఇల్లంతా వెతికాను. ఇంకెవరూ లేరు. వెనక తలుపుకు కూడా బయట తాళమే ఉంది. మేడ మీద కూడా ఎవరూ లేరు. ఆ పైపు పూర్తిగా బయటే ఉంది, లోపలి నుంచి చెయ్యి అందే దారి లేదు. నీళ్లు వదిలే వేళ కూడా కాదు.

సాయంత్రం రమేశ్ భార్య లత దవాఖానకు పరుగెత్తుకొచ్చింది. "మాత్ర కూడా మత్తే అన్నరు అక్కా మావోళ్లు. ఇంట్ల వెట్టి తాళమేస్తే మొత్తమే మానుతడనుకున్న" అని ఏడ్చింది. అతని ఫోన్ కూడా ఆమే తీసుకుపోయింది. మా దగ్గర చాలా ఇళ్లలో చేసే పొరపాటే ఇది. మాత్ర ఆగేసరికి అతను తట్టుకోలేక, దాచుకున్న ఇంజెక్షన్ పాత మోతాదులోనే ఎక్కించుకున్నాడు. అలవాటు తగ్గిన ఒళ్లు దాన్ని మోయలేదు. లత మీద నాకు కోపం రాలేదు. ప్రాణం పోతుందన్న భయంతోనే ఆమె తాళం వేసింది.

ఆ స్థితిలో రమేశ్ వేలు కూడా కదిలించలేడని డాక్టర్ గారు అన్నారు. అది నాకూ తెలుసు.

మర్నాడు రమేశే చెప్పాడు. "గనిల ఉన్ననే అనుకున్న అక్కా. అంత చీకటి. అవుతలికెల్లి మీరు పైపు కొడుతున్నరు. జవాబు కొట్టాలె అనుకున్న, చెయ్యి లేవలే. ఆ సప్పుడు ఇనుకుంటనే ఉన్న."

నేను సలీం వైపు చూశాను. అతనూ నా వైపే చూస్తున్నాడు. మేమిద్దరం ఆ పైపును ముట్టుకోనే లేదు.

ఇప్పుడు రమేశ్ మళ్లీ రోజూ కేంద్రానికి వస్తున్నాడు. లతే వెంట తీసుకొస్తుంది. అతను ఎందుకు పడిపోయాడో, మందు ఎలా పనిచేసిందో ఎవరడిగినా వివరంగా చెప్పగలను. ఆ చప్పుడు ఒక్కటే నా లెక్కలకు అందలేదు. మొన్న మాత్ర తీసుకుంటూ రమేశ్ అన్నాడు, "మనసు ఇంజెక్షన్ దిక్కు గుంజినప్పుడల్ల, మీరు బయట కొడుతున్నరనే అనుకుంట అక్కా. లేసి ఇటొస్త."

కొట్టింది మేము కాదని అతనికి ఇంతవరకూ చెప్పలేదు. చెప్పను కూడా.