వెనక్కి తిరిగి చూసే ఎర్రావు

జూలూరుపాడులో బోర్డులు రాసుకుంటూ బతికిన రోజులు నాకిప్పటికీ వాసనతో సహా గుర్తొస్తాయి. ఎనామిల్ పెయింటూ కిరసనాయిలూ కలిసిన వాసన అది. సుద్ద పూసిన దారాన్ని రేకు మీద లాగి వదిలితే తెల్లటి గీత పడేది. ఆ గీత పట్టుకుని అక్షరాలు రాసేవాణ్ని. సాయంత్రం ఇంటికొస్తే మా ఆవిడ నా చేతులు చూసి ఆ రోజు ఎవరి బోర్డు రాశానో చెప్పేది. పచ్చరంగు అంటితే ఎరువుల దుకాణం, ఎరుపైతే మందుల షాపు. ఎక్కువసార్లు ఆమె చెప్పిందే నిజమయ్యేది.

తర్వాత ఫ్లెక్సీలు వచ్చాయి. పొద్దున చెబితే సాయంత్రానికల్లా ఫొటోతో సహా చేతికొస్తుంటే నా కుంచె కోసం ఎవరు ఆగుతారు? నేను రాసిన బోర్డుల మీదే ఫ్లెక్సీలు బిగించారు. బజార్లో నడుస్తుంటే వాటి అంచుల కింద నా అక్షరాల తోకలు కనపడేవి.

ఆ ఖాళీ రోజుల్లో కట్టె చెక్కడం మొదలుపెట్టాను. మా తాత వాడిన ఉలి, బాడిస ఇంట్లోనే ఉన్నాయి. చుట్టుపక్కల అందరూ పెంకుటిళ్ళు విప్పి స్లాబులు వేసుకుంటున్న కాలం. విరిగిన నాగళ్ళు, బండి కాడులు, చెదలు తిన్న గడపలు పొయ్యిలోకి పోతుంటే అడిగి తెచ్చుకునేవాణ్ని. మొదట చేసింది గుడ్లగూబ. పాత తలుపు చెక్కతో ఒళ్ళు, సైకిల్ బేరింగులతో కళ్ళు.

"ఇంటి ముంగట గుడ్లగూబను పెడ్తవా? చూసినోళ్ళు ఏమనుకుంటరు?" అంది మా ఆవిడ.

"కట్టెదే గదనే."

"కట్టెదైనా చూపు గట్లనే ఉన్నది."

దాన్ని ఎత్తుకుపోయి కొట్టంలో ఎర్రావు పక్కన పెట్టింది. ఎర్రావు దాన్ని ఓసారి వాసన చూసి మళ్ళీ గడ్డిలో తల పెట్టింది.

ఎర్రావు మా ఆవిడది. చండ్రుగొండలో వాళ్ళన్న ఇంట్లో పుట్టిన దూడను ట్రాలీ ఆటోలో తల ఒళ్ళో పెట్టుకుని తెచ్చుకుంది. నా పని పడిపోయిన ఆ ఏళ్ళలో మా ఇల్లు నడిచింది దాని పాల మీదే. కుడిచెవి కొసన చిన్న చీలిక ఉండేది. పాలు పిండుతున్నప్పుడు మెడ పూర్తిగా వెనక్కి తిప్పి మా ఆవిడను చూసేది. "చూసింది చాలు తియ్" అని ఆమె దాని పొట్ట మీద మెల్లగా తట్టేది. పొద్దున్నే లేవగానే నాకు వినపడే మొదటి మాట అదే.

అప్పట్లో ఊరి మందంతా కలిసి అడవికి పోయేది. మందను తోలే పెద్దాయన చనిపోయాక ఆ పనికి ఇంకెవరూ రాలేదు. ఎవరి పశువును వాళ్ళు విప్పి వదిలేయసాగారు. ఎర్రావు కూడా సంత జరిగే జాగా చుట్టూ తిరిగి పొద్దుగూకే వేళకు కడుపునిండా తిన్నట్టే ఇంటికొచ్చేది. ఏం తింటోందోనని మేమిద్దరం ఎన్నడూ ఆలోచించలేదు.

ఒక ఎండాకాలం దాని పొట్ట పెరగసాగింది. చూలనుకుని మా ఆవిడ సంతోషపడింది. తవుడు, బెల్లం కలిపి పెట్టేది. కొన్నాళ్ళకు అది తవుడు కూడా ముట్టలేదు. పశువుల డాక్టరును పిలుచుకొచ్చాను. ఆయన పొట్ట మీద చెయ్యి పెట్టి చాలాసేపు నొక్కి చూశాడు.

"చూలు గాదమ్మా. లోపల ఏందో గడ్డకట్టినట్టున్నది. ముందే తెలిస్తే ఆపరేషన్ చేద్దుము. ఇప్పుడిది నిలబడే స్థితిల గూడ లేదు" అన్నాడు.

మరునాడు పొద్దున ఎర్రావు చనిపోయింది. పూడ్చే ముందు డాక్టరు కడుపు కోసి చూస్తానన్నాడు. ఇంట్లోకి పొమ్మంటే మా ఆవిడ పోలేదు. లోపలి నుంచి కవర్లు వచ్చాయి. ఒకదాంట్లో ఒకటి చుట్టుకుపోయి, తాళ్ళతో బిగిసిపోయి, తీస్తున్నకొద్దీ వచ్చాయి. పాల ప్యాకెట్లు, కూరగాయల కవర్లు, ముడి విప్పకుండా పారేసిన సాంబారు కవర్లు. వాటి మధ్య ఒక ఫ్లెక్సీ ముక్క కూడా ఉంది. దాని మీద ఎవరిదో సగం మొహం నవ్వుతోంది. నేను పక్కకు వెళ్ళి కూర్చున్నాను.

ఎర్రావును పూడ్చి తిరిగొచ్చేసరికి మా ఆవిడ బోరింగు దగ్గర కూర్చుని ఆ కవర్లను ఒక్కొక్కటిగా కడుగుతోంది. కడిగినవాటిని బట్టల దండెం మీద ఆరేసింది. పక్కింటివాళ్ళు గోడ మీంచి చూస్తున్నారు. దుఃఖంతో ఆమెకు మతి చెదిరిందేమోనని భయపడ్డాను.

"ఏందే ఇది? పారేయరాదు?"

"యాడ పారేయాలె? పారేస్తే ఇంకో ఆవు తింటది."

ఇంకో కవరును దులిపి దండెం మీద వేసింది. వేసి నా వైపు తిరిగింది. "నువ్వు బొమ్మలు చేస్తవ్ గదా. దీన్ని చెయ్యి. కడుపుల ఇవే పెట్టు. అందరు చూస్తరు."

ఎర్రావు లేని కొట్టంలోకి ఆమె అడుగు పెట్టలేకపోయింది. మేమే దాన్ని విప్పేశాం. మా నాన్న పాతిన మద్ది గుంజలు ఇనుములా ఉన్నాయి. వాటిని కాళ్ళు చేశాను. దూలం వెన్నెముక అయింది. వాసాలను కోసి, నిప్పు సెగ మీద వంచి పక్కటెముకలు చేశాను. వాటి మీద ఏమీ కప్పలేదు. కడుపు లోపలిదంతా బయటికి కనపడాలి.

మొహం మాత్రం రాలేదు. చెక్కిన ప్రతిసారీ ఏదో ఒక ఆవు వచ్చేది గాని ఎర్రావు వచ్చేది కాదు. మా ఆవిడ కుట్టుమిషను దగ్గర నుంచి లేచి వచ్చి చూసి తల అడ్డంగా ఊపి పోయేది. ఒకనాడు నా పక్కనే నేల మీద కూర్చుంది.

"ముంగటికి ఎందుకు చూస్తున్నది అది? అది గట్ల ఎప్పుడన్నా చూసిందా?"

మెడ కోసి వెనక్కి తిప్పి అతికించాను. ఇప్పుడు ఆవు తన పొట్టను తనే చూసుకుంటోంది. కుడిచెవికి చీలిక పెట్టగానే మా ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కడిగి ఆరేసిన కవర్లను ఆ రోజే తన చేత్తో లోపల నింపింది.

సంత రోజున దాన్ని ట్రాలీ ఆటోలో తీసుకుపోయి కూరగాయల వరుస మొదట్లో దించాం. ఎదురుగా ప్లాస్టిక్ సామాను అమ్మేవాడు లేచి వచ్చాడు.

"అన్నా, నా గిరాకీ ముంగట ఇదేంది? కొంచెం అవతల పెట్టుకోండ్రి."

నేను ఆటో దగ్గరే నిలబడిపోయాను. మా ఆవిడ అతనితో నెమ్మదిగా అంది. "నీ గిరాకీ ఖరాబు చెయ్యనీకి రాలే తమ్మీ. ఇది మా ఆవు. ఈ కవర్లన్నీ దాని కడుపుల ఉండె. నీయి గూడ ఉన్నయ్, మావి గూడ ఉన్నయ్."

అతను పక్కటెముకల సందుల్లోంచి లోపలికి చూశాడు. వెనక్కి వెళ్ళి తన సామాను సర్దుకున్నాడు.

విస్తళ్ళు కుట్టే అడ్డాకుల కట్టలు అమ్ముకునేందుకు గూడెం నుంచి వచ్చే కోయ అవ్వ ఒకామె ఉండేది. ఆమె ఆవు చుట్టూ తిరిగి, మెడ నిమిరి, "చూలుతోని ఉన్నదా బిడ్డా?" అని అడిగింది.

"మేము గూడ గట్లనే అనుకున్నం అవ్వా" అంది మా ఆవిడ.

అవ్వ కళ్ళు చికిలించి దగ్గరగా చూసింది. అర్థమయ్యాక తన భాషలో ఏదో అంది. నాకు ఆ మాటలు తెలియలేదు గాని, చావు జరిగిన ఇంటికి పలకరింపుకు వెళ్ళినప్పుడు పెద్దవాళ్ళు అనే తీరున ఉన్నాయి. ఆమె మా ఆవిడ పక్కనే తన కట్టలు దించి మధ్యాహ్నం దాకా అక్కడే కూర్చుంది. ఒకప్పుడు మాంసం టేకాకులో, పల్లీలు మోదుగాకు పొట్లంలో వచ్చేవని వాళ్ళిద్దరూ చెప్పుకుంటుంటే ఇంకో నలుగురు ఆగి తమ జ్ఞాపకాలూ కలిపారు. అప్పుడే కోసిన వేడి మాంసానికి పట్టే టేకాకు వాసన నాకూ ముక్కుకు తగిలినట్టే అనిపించింది.

దాంతో ఊరు మారిపోయిందని చెప్పను. కవర్లు ఇప్పటికీ ఎగురుతూనే ఉన్నాయి. అయితే మాంసం కొట్టు నడిపే అతను కొన్నాళ్ళు టేకాకు వాడాడు, అడిగినవాళ్ళకు ఇప్పటికీ అందులోనే కడతాడు. మా ఆవిడ పాత చీరలతో సంచులు కుట్టడం మొదలుపెట్టింది, అవి బాగానే అమ్ముడుపోతాయి. కట్టె ఆవు వానలకు నాని ఒక కాలు కీలు వదిలేస్తే హైస్కూలు సారు వచ్చి అడిగి తీసుకుపోయి వరండాలో పెట్టించాడు. అక్కడ చూసినవాళ్ళు నాకు పనులు చెప్పసాగారు. ఒక బడికి పాత బెంచీలతో ఎలుగుబంటి చేశాను, ఇంకో చోట పనికిరాని బోరు పైపులతో కొంగలు.

ఈ ఏడు కుసుమంచి వైపు ఒక బడివాళ్ళు నెమలి కావాలన్నారు. పాత బండి చక్రం ఆకుల్ని, ఆ చెక్క కడ్డీలని, విసనకర్రలా పేర్చి పింఛం నిలబెట్టాను. దాన్ని సీసా మూతలతో నింపాలి. మా ఆవిడ అరుగు మీద కూర్చుని మూతలను రంగుల వారీగా కుప్పలు పోస్తోంది. కళ్ళజోడు పైకి తోసి నా చేతుల వైపు చూసింది. ఇప్పుడు వాటికి రంగు ఉండదు, రంపపు పొట్టే.

"మెడకు నీలం చాలేటట్టు లేదయ్యా" అంది.

"ఎన్ని కావాలె?"

"చానా కావాలె. రేపు సంత గదా, పోయి ఏరుకొద్దాం పా."