మేం యూరప్ వెళ్ళొచ్చిన వేసవి

ఆ రోజుల్లో తెనాలిలో ఎవరైనా మద్రాసు వెళ్ళొస్తేనే వారం పాటు అరుగు మీద కూర్చోబెట్టి కబుర్లు చెప్పించుకునేవాళ్ళు. అలాంటిది డెబ్భైల మొదట్లో ఒక వేసవిలో మా నాన్న, అమ్మనీ పదకొండేళ్ళ నన్నూ తీసుకుని రోము, ప్యారిస్, లండన్ చూసొస్తానని ప్రకటించాడు. మా రైసుమిల్లుకు వచ్చిన ప్రతి రైతుకీ స్వయంగా చెప్పాడు. (నాన్నకు రహస్యం దాచడం చేతకాదు. జన్మకు ఒక్కటే దాచాడు, అదే ఇప్పుడు చెప్పబోయేది.) "ఉన్న ప్యారిస్ చాలక ఇంకో ప్యారిస్ ఎందుకురా అబ్బాయ్?" అంది అత్తయ్య. మా ఊరిని ఆంధ్రా ప్యారిస్ అనేవాళ్ళు మరి. అత్తయ్య అంటే నాన్నకు అక్క. రేపల్లెలో ఇచ్చిన రెండేళ్ళకే భర్త పోతే పుట్టింటికి వచ్చేసి, తల్లిలేని తమ్ముణ్ణి పెంచింది. తర్వాత నన్నూ ఆవిడే పెంచింది. స్టేషన్లో నా చెయ్యి వదలకుండా, "అమ్మడూ, అక్కడ చూసినవన్నీ ఒక్కటి కూడా మర్చిపోకుండా వచ్చి నాకు చెప్పాలి" అంది.

మెడల్లో దండలతో మద్రాసు చేరాం. పాస్‌పోర్టులూ టిక్కెట్లూ చేతికిస్తానన్న ఏజెంటు ఆఫీసుకు తాళం వేసి ఉంది. పక్క కొట్లో తెలుగాయన, "ఆయన కోసం మీలాగే ఇంకో నలుగురు తిరుగుతున్నారండి" అన్నాడు. నాన్న రెండు రోజులు ఆ తాళాన్నే చూశాడు. మూడో రోజు తిరుగు రైలెక్కాం. బాపట్ల రాగానే ఉన్నట్టుండి లేచి, "దిగండి, దిగండి" అన్నాడు. "తెనాలి ఇంకా రాలేదండీ" అంది అమ్మ. "అందుకే దిగమంటున్నా" అన్నాడు నాన్న.

నాన్న స్నేహితుడొకాయనకు అక్కడ సముద్రపు ఒడ్డున సరుగుడు తోట ఉండేది. నేను సరుగుడు బాబాయి అనేదాన్ని. ఆ తోటలోని పాకలో ఉండి మేం యూరప్ అంతా తిరిగాం. పొద్దున్నే నాన్న ప్రయాణం కోసం కొన్న యూరప్ పుస్తకం తెరిచి, అనుకున్న కార్యక్రమం ప్రకారం ఆ రోజు ఏ ఊళ్ళో ఉన్నామో చెప్పేవాడు. సాయంత్రానికి ఆ ఊరి సంగతులన్నీ నేను అప్పజెప్పాలి. రోములో పీతల కూర తిన్నాం. వెనిస్‌లో వీధులన్నీ నీళ్ళేనని నన్ను మోకాలి లోతు సముద్రంలో నిలబెట్టి మరీ పాఠం చెప్పాడు. స్విట్జర్లాండు మంచు కొండల గురించి చెబుతుంటే అమ్మ విసనకర్రతో విసురుకుంటూ, "ఆ మంచేదో కాస్త ఇటు పంపించండి" అంది. నాకైతే అంత బావున్న సెలవులు మళ్ళీ రాలేదు. ఆ మాట ఒప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ప్యారిస్ చేరిన రోజున, తెనాలి వెళ్ళొచ్చిన సరుగుడు బాబాయి ముఖం వేలాడేసుకుని వచ్చాడు. "అక్కయ్యగారికి జ్వరంరా. బొత్తిగా బావుండలేదు. నీకు టెలిగ్రాం ఇచ్చానని ఇరుగుపొరుగుకి చెప్పొచ్చాను. వెంటనే బయల్దేరు" అన్నాడు. బాపట్ల నుంచి తెనాలికి రైల్లో గంటన్నర ప్రయాణం. నాన్న గబగబా చొక్కా తొడుక్కున్నాడు. గుండీలు పెట్టుకుంటూ పెట్టుకుంటూ ఆగిపోయాడు. "ప్యారిస్ నుంచి ఒక్కరోజులో ఎలా వస్తాంరా? ఎంత విమానమైనా మూడు రోజులు పడుతుందిగా" అన్నాడు. "ఊరేమనుకుంటే మనకేంటండీ, వదిన్ని చూద్దాం పదండి" అని అమ్మ ఏడ్చింది. "జ్వరమేగా, తగ్గిపోతుందిలే" అన్నాడు నాన్న, అమ్మ వైపు చూడకుండా. ఆ రెండు రోజులూ నేను గవ్వలు ఏరాను. ప్యారిస్ నుంచి అత్తయ్యకు ఏదో ఒకటి పట్టుకెళ్ళాలిగా!

మూడో రోజు, మద్రాసు నుంచే వస్తున్నట్టుగా, పెట్టెలతో తెనాలిలో దిగాం. వాకిట్లో బల్లలు వేసి ఉన్నాయి, వాటి నిండా మనుషులు. అత్తయ్య ముందురోజు మధ్యాహ్నమే పోయింది. ఎండలకు ఉంచలేక దహనం కూడా చేసేశారు. "ప్యారిస్ నుంచి ఇంత త్వరగా ఎలా రాగలిగారండీ!" అన్నాడు పక్కింటి మాస్టారు, నిజంగానే మెచ్చుకుంటూ. నాన్న గుమ్మంలో కూలబడ్డాడు. "అంత దూరాన ఉన్నవాడివి, నువ్వు మాత్రం ఏం చేస్తావు నాయనా" అని ఒక పెద్దావిడ ఓదార్చేకొద్దీ ఇంకా గట్టిగా ఏడ్చాడు. ఇంకొకావిడ నా గడ్డం పట్టుకుని, "ఫారిన్ వెళ్తే తెల్లబడతారంటారు, నువ్వేంటే ఇలా నల్లబడ్డావు?" అంది. "అక్కడ ఎండలెక్కువండి" అన్నాను. అబద్ధమాడుతూ కూడా ఏడవచ్చని నాకు ఆ రోజే తెలిసింది.

పెద్దకర్మ అయ్యాక సరుగుడు బాబాయి కడుపులో దాచుకోలేక చెప్పాడు. జ్వరంలో చూడబోయిన రోజు మంచం దగ్గర ఎవరూ లేనప్పుడు, తమ్ముడు బాపట్లలోనే ఉన్నాడని అత్తయ్యకు నిజం చెప్పేశాడట. "నవ్విందిరా. 'ఎవరికీ చెప్పకు నాయనా, మావాడి పరువు పోతుంది, మెల్లిగానే రమ్మను' అంది. 'పిల్ల ఎండలో తిరుగుతోందేమో, తలకు నూనె రాయమను' అంది. ఆ మాట చెబితే నువ్వసలు కదలవని నీకు చెప్పలేదు." ఆ తర్వాత నాన్న ఎన్నేళ్ళు బతికినా, రైల్లో బాపట్ల వస్తే కిటికీ తలుపు దించేసేవాడు.

బడి తెరిచాక ప్యారిస్ ఎలా ఉంటుందని టీచరు అడిగితే, "ఇసక ఎక్కువండి" అన్నాను. పాపం, ఆవిడ నమ్మింది. నాన్న, అమ్మ, బాబాయి అందరూ వెళ్ళిపోయారు. ఇప్పుడు పోవడానికి ఎవరి పరువూ మిగల్లేదు కాబట్టే కాగితం మీద ఇంత రాయగలిగాను. నోరు మాత్రం ఇంకా పెగలదు. మొన్న ఒక పెళ్ళిలో తెనాలి పెద్దాయన, "మీరు చిన్నప్పుడే యూరప్ అంతా చూసొచ్చారటగా అమ్మా!" అంటే, "అవునండి" అన్నాను. అని ఊరుకున్నానా, ఆ రోజు అత్తయ్యకు చెప్పాల్సిన ఊళ్ళన్నీ వరసగా ఆయనకు చెప్పేశాను. ఒక్కటి కూడా మర్చిపోలేదు.