చిట్టి గీసిన వంకర రేకు

చిట్టీ, నేను వాకిట్ల ఏసే ముగ్గును నువ్వు కంప్యూటర్ల గీసి పెట్టినవు సూడు, దాన్ని వట్టుకొని ఇయ్యాల మెట్‌పల్లిల మూడు దుకాణాలు తిరిగిన.

వచ్చే నెల నా బిడ్డ చిట్టి సంవత్సరికం. గా దినం అది గీసిన ముగ్గు కుట్టిచ్చిన జాకెట్ తొడుక్కుందామని నా ఆశ. మొదటి ఎంబ్రాయిడరీ దుకాణంల ఫైలే తెరుసుకోలే. రెండో దుకాణంల తెరుసుకున్నది గని గీతలన్నీ తెగిపోయినయ్. "చేసినోళ్లతోనే మా మిషన్‌కు పనికొచ్చేటట్టు ఎక్స్‌పోర్ట్ చేపిచ్చుకొని రా పెద్దమ్మా" అన్నడు. చేసినోళ్లు ఉంటే నీ దగ్గరికి నేనెందుకొస్త అనుకున్న.

మూడో ఆయన గంటసేపు కూసొని ఎట్లనో మిషన్ల ఎక్కిచ్చిండు. సూస్తే ముగ్గు పువ్వు ఎనిమిది రేకులు ఒక్క తీరుగున్నయ్.

"గీ కింది రేకు వంకరుండె గదా తమ్మీ, ఏమాయె?"

"అది తప్పు పెద్దమ్మా. నేనే సక్కగ జేసిన."

"తప్పు గాదు. ముగ్గేస్తే నా చెయ్యి గట్లనే పోతది. నా బిడ్డ అది సూసే గీసింది. మళ్ల వంకర జెయ్యి."

"వంకర చెయ్యమని కొట్లాడేటోళ్లను గిప్పుడే సూస్తున్న" అన్నడు గని, నా మొకం సూసి మళ్ల ఎప్పటి లెక్క జేసిండు. గుడ్డ ముక్క మీద కుట్టి సూపిచ్చిండు. ఆ రేకును ఏలుతోని తడిమి సూసిన.

ఒక కంప్యూటర్ల గీసింది ఇంకోదాంట్ల ఉన్నదున్నట్టు ఎందుకు రాదో ఇది సదివేటోళ్లల్ల ఎరుకున్నోళ్లు జెప్పుండ్రి. గీ తిరుగుడుల పొద్దటిసంది నేను బుక్కెడు బువ్వ తినలే. మీరు గిట్ల చెయ్యకుండ్రి, యాళ్లకు కడుపునిండ తినుండ్రి.