సింహాల గ్రూప్ ఫోటో

మెడలో కెమెరా కొత్తగా పడిన రోజుల్లో మనిషికి లోకమంతా తన కోసమే ఫోజిచ్చి నిలబడినట్టు కనిపిస్తుంది. ఇరవై మూడేళ్ల వయసులో నాకూ అలాగే కనిపించేది, కాకపోతే నా మెడలో ఉన్నది రెండో కెమెరా. కాశిబుగ్గలో మా మామూ (అమ్మీకి తమ్ముడు, నాకు గురువు, మా ఇద్దరికీ ఆయనే పెత్తందారు) నడిపే స్టూడియోలో పెళ్లి ఫోటోలు ఆయన తీసేవాడు, భోజనాల బంతి నాది. వరంగల్ చుట్టుపక్కల నేను ఫోటో తియ్యని సాంబారు బకెట్ లేదంటే నమ్మండి. మెయిన్ కెమెరా ఎప్పుడిస్తావని అడిగినప్పుడల్లా మామూ "జర చెయ్యి కుదరనీరా" అనేవాడు.

ఆ బంతి ఫోటోలకే ముచ్చటపడ్డాడు నర్సంపేట పత్తి సేటు (పేరు అడగకండి, ఇప్పటికీ మా కస్టమరే). కుటుంబంతో కెన్యా పోతూ ఫోటోలకని నన్ను వెంట తీసుకెళ్తానన్నాడు. హాల్లో గోడకు పెట్టుకోవడానికి ఆయనకు సింహప్పిల్లలు కావాలి, అదీ తల్లీ తండ్రీ పక్కనుండగా. నేను నెక్కొండ పెళ్లికి పోతేనే ఫికర్ పడే అమ్మీ రెండు రోజులు అన్నం మానేసింది. మామూ మాత్రం నా భుజం మీద చెయ్యి వేశాడు. "సింహం ఖాన్‌దాన్ అంత ఒక్క ఫోటోల రావాలె. తెచ్చినవనుకో, ఈ సీజన్ నుంచి మెయిన్ కెమెరా నీదే." ఇక నాకు నిద్రేది?

తీరా అక్కడికి పోయాక తెలిసింది కష్టం. తల్లి బయటుంటే పిల్లలు గడ్డిలో దూరేవి, పిల్లలు బయటికొస్తే తల్లి ఎటో పోయేది. తండ్రిగారి సంగతి సరేసరి. దూరంగా ముళ్లచెట్టు కింద, మర్యాదలు తక్కువైన పెళ్లికొడుకు మేనమామలాగా అటు తిరిగి పడుకునేవాడు. చివరి సాయంత్రం సేటు ఇంటివాళ్లంతా దుమ్ముకు తలనొప్పులని క్యాంపులోనే ఉండిపోయారు. జీపులో నేను, సేటు, అక్కడి డ్రైవరన్న, అంతే. వాగు అవతల చిరుతపులి వేటాడుతోందట, పోదామని డ్రైవరన్న వచ్చీరాని ఇంగ్లీషులో తొందరపెట్టాడు. వచ్చీరాని ఇంగ్లీషులోనే నేను వద్దన్నాను. అలిగినవాళ్ల సంగతి పెళ్లిళ్ల ఫోటోగ్రాఫర్‌కు తెలిసినట్టు ఇంకెవరికి తెలుస్తుంది? ఎవరూ బతిమాలకపోతే కాసేపటికి వాళ్లే లేచి వస్తారు.

వచ్చాడు! ఒళ్లు విరుచుకుని, జూలు విదిలించుకుని, నెమ్మదిగా వచ్చి ఆడసింహం పక్కన కూర్చున్నాడు. మూడు పిల్లలూ ముందుకొచ్చాయి. ఒకటి నాన్న తోక కొరుకుతోంది, ఇంకోటి అమ్మ వీపెక్కి జారిపడుతోంది. అంతా ఒక్కచోటే ఉన్నా ఒక్కటీ ఇటు చూడదు. అప్పుడు నా నోరు ఊరుకుంటేనా! జీపు పైకప్పు తెరిచిన చోట నిలబడి, బంతుల మధ్య పెంచుకున్న గొంతుతో "అందరు జర ఇటు చూడుండ్రి" అనేశాను. అయిదూ చూశాయి. నొక్కాను. వీటికి తెలుగొచ్చా అని నేను ఆశ్చర్యపడేలోగా తండ్రి లేచి మా వైపు నాలుగడుగులు వేశాడు. డ్రైవరన్న తన భాషలో ఒక మాటన్నాడు (తిట్టు ఏ భాషలోనైనా ఇట్టే తెలిసిపోతుంది). నా పై ప్రాణాలు పైనే పోయాయి, వేలు మాత్రం అలవాటు కొద్దీ ఇంకోసారి నొక్కింది. ఆ తర్వాత జీపు కదిలింది, నేను సీటు కింద సేటు పక్కన ఉన్నాను.

ఇంటికొచ్చి కంప్యూటర్‌లో మొదటి ఫోటో తెరిచి, మామూ ముందు ఛాతీ విరుచుకుని నిలబడ్డాను. ఆయన చాలాసేపు చూసి, పేస్టింగు మంచిగ చేసినవ్ అన్నాడు! అసలైందే మామూ అంటే వినడే. "సింహాలు గిట్ల వరుసల కూసుంటయారా? మనోళ్లే కూసోరు." ఆయన తప్పేం లేదు. కాజీపేట దాటని జంటల వెనుక స్విట్జర్లాండ్ మంచు అతికించేది రోజూ నేనే కదా. ఎదురింటి నేతపని తాత ఫోటోను దగ్గరగా చూసి, అతుకు కనపడ్తలేదు బిడ్డా అని మెచ్చుకున్నాడు కూడా. సాక్ష్యానికి సేటుకు ఫోన్ చేస్తే, తను అప్పుడు కళ్లు మూసుకుని సమ్మక్కకు మొక్కుకుంటున్నానని, ఏమీ చూడలేదని చెప్పాడు. మెయిన్ కెమెరా చేజారినట్టే అనుకున్నాను. ఏడుపొచ్చింది.

అంతలో మామూ తర్వాతి ఫోటో నొక్కాడు. సగం ఆకాశం, వంకరగా జీపు అంచు, మధ్యలో పసుపురంగు మరక, అందులో ఒక కన్ను. అది ఖరాబైంది మామూ, తీసేస్తా అన్నాను. ఆయన నా చెయ్యి పట్టుకుని ఆపాడు. ఆ ఫోటో కేసి, నా కేసి మార్చి మార్చి చూశాడు.

"దీన్ని ఎవడు అతికిస్తడురా," అన్నాడు, గొంతు తగ్గించి. "దవాఖానల పండాల్సినోనివి."

లేచి పోయి మెయిన్ కెమెరా తెచ్చి నా మెడలో వేశాడు. చెయ్యి ఇంకా కుదరలేదు కదా మామూ అంటే, ఇగ కుదుర్తది తియ్ అన్నాడు.

కుదిరింది. ఇప్పుడు స్టూడియో నేనే చూసుకుంటున్నాను, నా ఫోటోలు ఒక్కటీ కదలవు. సింహాల గ్రూప్ ఫోటో సేటు హాల్లో ఉంది, వచ్చినవాళ్లంతా పేస్టింగే అంటున్నారట. ఖరాబైన ఫోటోను మామూ ఫ్రేమ్ కట్టించి మా కౌంటర్ పైన పెట్టాడు. దీంట్ల ఏముందన్నా అని కస్టమర్లు అడిగితే, సింహం అంటాను, వాళ్లు మర్యాదకు తలూపుతారు. నాకూ అందులో సింహం సరిగ్గా కనపడదు. దాన్ని నొక్కిన ఆ ఇరవై మూడేళ్ల పోరడు మాత్రం ఎంత బాగా కనపడతాడో!