చంద్రుడి మీద దాహం

మనవరాలి కొత్త నీళ్లసీసా గొట్టంలోంచి ఒక గుక్క తాగాను. రబ్బరు వాసన వచ్చింది. దానితోపాటు నకిరేకల్ బడి, సుశీలమ్మ టీచర్ గుర్తుకొచ్చారు.

మనుషులు చంద్రుడి మీదికి పోతున్నారని రేడియో చెబుతున్న రోజులవి. నేను బీయస్సీ చదివి పెద్ద తరగతులకు సైన్సు చెప్పేవాణ్ణి. మగ్గం నేసే ఇంట్లో పుట్టిన సుశీలమ్మగారి చదువు మెట్రిక్‌తో ఆగిపోయింది. చిన్న తరగతులు ఆమెవి. అయినా నా తరగతి పిల్లలు సందేహమొస్తే ఆమె దగ్గరికే పరుగెత్తేవాళ్లు. చూస్తే నాకు కడుపు మండేది.

ఒకరోజు పేపర్లో వచ్చిన చంద్రయాత్రికుల బొమ్మ చూపిస్తుంటే, యాదమ్మ అనే పిల్ల లేచి, "సారూ, నెత్తికి గా గాజుబుడ్డి బిగించుకుంటే నీళ్లెట్ల తాగుతరు?" అని అడిగింది. నాకు తెలియదు. తెలియదనడానికి నా డిగ్రీ ఒప్పుకోలేదు. "గోలీలు మింగి పోతరు. దప్పిక కాదు," అన్నాను. ఆ పిల్ల నమ్మలేదు. మధ్యాహ్నం అదే ప్రశ్న సుశీలమ్మగారిని అడుగుతుంటే వరండాలో నిలబడి విన్నాను.

"నాకు తెల్వదు బిడ్డా. చేసి చూద్దాం పా," అన్నారామె.

దవాఖానలో అడిగి సన్నటి రబ్బరు గొట్టం తెచ్చారు. యాదమ్మ తలపై వెదురుబుట్ట బోర్లించి, చేతులు లోపల పెట్టకుండా నీళ్లు తాగమన్నారు. ఎన్నో తంటాలు పడి, బుట్ట సందులోంచి గొట్టం దూర్చుకుని ఆ పిల్ల తాగింది. నా తరగతిలో ఎన్నడూ వినని నవ్వులు వినిపించాయి.

ఆమె చూపిన పద్ధతి తప్పని తేల్చడానికే సెలవురోజున బస్సెక్కి హైదరాబాదు గ్రంథాలయానికి వెళ్లాను. ఒక పత్రికలో జవాబు దొరికింది. మామూలుగా నౌకలోనే తిని తాగుతారట. తలకవచం తీయలేని ఆపద వస్తే, దానికున్న చిన్న రంధ్రంలోంచి గొట్టం దూర్చుకుంటారట. రాసుకున్న కాగితం జేబులోనే ఉంచి వారం రోజులు నోరు మెదపలేదు.

చివరికి ఉండబట్టలేక ఆమెకు చూపించాను. "దొరికి వారమైంది. మీకు చెప్పబుద్ధి కాలేదు," అన్నాను.

ఆమె కాగితం రెండుసార్లు చదివారు. "నాకొక్కదానికి ఎందుకు సారూ, పిల్లలకు చెప్పుండ్రి. నేను గూడ వచ్చి కూసుంట."

మర్నాడు బోర్డు మీద బొమ్మ గీసి చెప్పాను. గోలీల మాట నేను కల్పించిందని ఒప్పుకున్నాను. ఆమె వెనక బల్లపై యాదమ్మ పక్కన కూర్చుని అంతా రాసుకుని, పిల్లల్లాగే చెయ్యెత్తారు. "గొట్టం తీసినంక గాలి బయటికి పోదా సారూ?"

తనకంటే పదేళ్లు చిన్నవాణ్ణైన నన్ను, అంతమంది పిల్లల ముందు, అంత తేలికగా అడిగారు. ఎన్నో ఏళ్లు పాఠాలు చెప్పి రిటైరయ్యాను. ఇప్పటికీ ఎవరినైనా ఏదైనా అడగాల్సి వస్తే నా చెయ్యి ఒక క్షణం ఆగి లేస్తుంది. ఆ క్షణంలో ఆమె మీద అసూయ కలుగుతూనే ఉంటుంది.