ఖమ్‌పన్ నడుముగుడ్డ

నాన్ నది పడవ పందేల్లో ఏళ్ల తరబడి చుక్కాని తెడ్డు పట్టిన ఖమ్‌పన్‌కి తూకపు కాటా అంటే మొదటినుంచీ అనుమానమే. ఊరి ఆరోగ్య కార్యకర్త సైబువా ఏటా పడవల పాకలో అందరినీ తూచి, ఎత్తు కొలిచి, ఆ రెంటితో ఒక అంకె తేల్చేది. "లావెక్కువ బాబాయ్, జిగురన్నం తగ్గించు" అనేది. పందెం గెలిచిన ఏడు కూడా అదే మాట. నేల వాలుగా ఉందనీ, సైబువా బొటనవేలు కాటా మీద ఉందనీ అతను గొణిగేవాడు.

అతను తెడ్డు కుర్రాళ్లకి అప్పగించి, నూడుల్స్ కొట్టు బల్లకి అతుక్కుపోయాక, ఈ ఏడు సైబువా అంకె చూసి చప్పట్లు కొట్టింది.

"సరిగ్గా ఉన్నావు బాబాయ్! ఇన్నాళ్లకి నా మాట విన్నావు."

"నీ మాట నేనెప్పుడు విన్నానే?"

అతను కాటా దిగి మళ్లీ ఎక్కాడు. అదే అంకె. ఆ మెప్పు అతనికి తిట్టుకన్నా అనుమానంగా తోచింది. నడుముకి చుట్టిన గళ్ల తుండు విప్పి బిగించి కట్టబోయాడు. ఒకప్పుడు ముడి వేశాక కొసలు జానెడేసి వేలాడేవి. ఇప్పుడు పొట్ట మీద ముడికే గుడ్డ చాలలేదు. చొక్కా చేతులు మాత్రం జబ్బల దగ్గర వదులుగా ఊగుతున్నాయి.

గోడకి ఆనించిన చుక్కాని తెడ్డు ఎత్తబోయాడు. అది సగం దాకా లేచి, వణికి, దభీమని కిందపడింది.

"రాసుకోవే అమ్మాయ్, సరిగ్గా ఉన్నానని" అన్నాడు ఖమ్‌పన్. "రాసుకుని, ఆ తెడ్డు కాస్త నువ్వే ఎత్తి గోడకి పెట్టు."